నోరున్న కళ్ళజోడు

“ఏమీ కనిపించడం లేదు. దయచేసి మళ్ళీ ప్రయత్నించండి,” అంది కళ్ళజోడు.

“ఆ మాట నేను పైసా తీసుకోకుండా చెప్తాను,” అన్నాడు మాస్టారు.

మాస్టారు బడిలో సంగీతం చెప్తాడు. ఆయన భార్య పెద్దాసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. ఇద్దరికీ పుట్టుకతోనే చూపు లేదు. దానికి వాళ్ళు ఏనాడూ పెద్దగా బాధపడలేదు. ఇప్పుడు బాధపెడుతున్నది ఆసుపత్రి సూపరింటెండెంటు. “ఫోన్లకి మిషను పెట్టేశాం. రేపట్నుంచి రికార్డు సెక్షన్లో కూర్చోండి. స్లిప్పు మీద పేరు చదివి ఫైలు ఇవ్వగలిగితే సరే. లేకపోతే హాయిగా ఇంట్లో విశ్రాంతి తీసుకోండి,” అన్నాడు. ఇన్నేళ్ళూ ఆ ఆసుపత్రికి గొంతై బతికిన మనిషి ఆమె. విశ్రాంతి అన్న మాటకే ఒళ్ళు మండిపోయింది.

అందుకే మధ్యాహ్నం సెలవు పెట్టి, చదివి వినిపించే కళ్ళజోడు అమ్మే షాపుకి తెల్ల కర్ర తట్టుకుంటూ వెళ్ళింది. ఫ్రేముకి వేలెడంత కెమెరా, చెవి పక్కన బుల్లి స్పీకరు. అక్కడున్న కంపెనీ ఆయన దాన్ని ఆమె ముక్కు మీద పెట్టి చేతికో కాగితం ఇచ్చాడు. అంతే, గడగడా చదివేసింది. ఆపరేటరమ్మ సంబరం పట్టలేక పాత బస్సు టికెట్టు కూడా చదివించుకుంది. ధర విన్నాక మాత్రం కళ్ళజోడు తీసి ఆయన చేతిలో పెట్టేసింది. అది మాస్టారి ఐదు నెలల జీతం.

“మా ఆయన కూడా ఒప్పుకోవాలండీ. ఒక్కసారి ఇంటికి తెచ్చి వినిపిస్తారా?”

“ఇళ్ళకెళ్ళి ఎప్పుడూ ఇవ్వలేదమ్మా. మా డెమోలన్నీ షాపులోనే. అయినా మీ కోసం వస్తాను,” అన్నాడాయన. నెలాఖరు కదా, టార్గెట్ పీకల మీదికొచ్చి ఉంది మరి.

షాపు కట్టేశాక వచ్చాడు. ఆటో అతను గుమ్మం దాకా దిగబెట్టి వెళ్ళాడు. లోపల అడుగు పెట్టాడో లేదో, టీపాయ్ ఠపీమని మోకాలికి తగిలింది.

“మా టీపాయ్‌కి కొత్తవాళ్ళంటే పడదు లెండి,” అన్నాడు మాస్టారు. “ఇంతకీ ఇది కరెంటు ఎక్కువ తాగుతుందా? ఈ వీధి మొత్తానికి తక్కువ బిల్లు మాదే. ఆ పేరు చెడగొట్టకండి.”

“సెల్‌ఫోనంత కూడా తాగదు సార్,” అన్నాడాయన మోకాలు రుద్దుకుంటూ.

తీరా ఆపరేటరమ్మకి కళ్ళజోడు పెట్టి, చేతికి ఆ కాగితమే ఇచ్చాక ఇదీ వరస. ఏమీ కనిపించడం లేదట.

“కాగితం తలకిందులుగా ఉందేమో,” అని కంపెనీ ఆయన దాన్ని తిప్పాడు. ఏమీ కనిపించడం లేదు. అడ్డంగా తిప్పాడు, తిరగేశాడు, జేబురుమాలుతో కెమెరా తుడిచాడు. ఆపి మళ్ళీ ఆన్ చేశాడు. ఊహూఁ.

“కాగితం వదిలేయండమ్మా. సార్ వైపు తిరగండి. మనిషిని ఇట్టే పట్టేస్తుంది.”

ఆమె మొగుడి గొంతు వినబడిన వైపు తిరిగింది.

“ఏమీ కనిపించడం లేదు,” అంది కళ్ళజోడు.

“ఇన్నేళ్ళ కాపురంలో ఈవిడ కూడా నన్నింతలా తీసిపారేయలేదు,” అన్నాడు మాస్టారు.

“అయ్యో, షాపులో రోజంతా నా ముక్కు మీదే ఉంటుంది సార్! దీని నోరు మూయించడమే కష్టం!”

“అమ్మేవాళ్ళంతా అనే మాటే అది.”

కంపెనీ ఆయన ఆఫీసుకి ఫోన్ కొట్టాడు. అవతలి మెకానిక్ వంటబట్టిన పాఠం అప్పజెప్పాడు. కెమెరా తుడిచారా? తుడిచాం. ఛార్జింగుందా? ఉంది. ఆపి ఆన్ చేశారా? చేశాం. “అయితే పీసులోనే తేడా ఉంది. వెనక్కి తెచ్చేయండి,” అని పెట్టేశాడు.

“పేరు గొప్ప, ఊరు దిబ్బ,” అన్నాడు మాస్టారు. “గుడ్డికన్ను మూసినా ఒకటే, తెరిచినా ఒకటేనని ఊరికే అన్నారా? ఐదు నెలల జీతం పోసి, ఈ ఇంటికి మూడో గుడ్డిదాన్ని తెచ్చుకుంటామటే?”

ఈసారి ఆపరేటరమ్మ నవ్వలేదు. “మధ్యాహ్నం చదివిందండీ. నా చెవులతో విన్నాను. రేపటికి అన్నీ సర్దుకుంటాయనుకున్నాను,” అని భోరుమంది.

మాస్టారికి తన వేళాకోళం మీద తనకే అసహ్యం వేసింది. తడుముకుంటూ వెళ్ళి ఆమె భుజం పట్టుకున్నాడు. “ఊరుకోవే. రేపు నేనూ వస్తాను. ఇద్దరం కలిసి ఆ సూపరింటెండెంటుని బతిమాలదాం.”

“ఈ వయసులో బతిమాలి ఉద్యోగం చెయ్యాలా? వద్దు. మానేస్తానని చెప్పేస్తాను. మీది మీరు తీసుకెళ్ళిపోండి బాబూ.”

కంపెనీ ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. లేచి నిలబడి, “క్షమించండమ్మా,” అంటూ కళ్ళజోడు కోసం చెయ్యి చాపాడు.

అప్పుడే పక్కింటావిడ అరువు పట్టుకెళ్ళిన ఇస్త్రీపెట్టె తిరిగివ్వడానికి వచ్చింది.

“ఇదేంటక్కా, ముగ్గురూ చిమ్మచీకట్లో ఏం చేస్తున్నారు?” అంటూ ఆవిడ లైటు వేసిందో లేదో, ఆపరేటరమ్మ ముక్కు మీది కళ్ళజోడు గడగడా అందుకుంది: “ఎదురుగా ఒక పురుషుడు, ఎడమ చేతిలో తెల్ల కర్ర, మెడలో కార్డు, కార్డు మీద రాసి ఉన్నది: సేల్స్ మేనేజర్.”