మూడడుగుల తూము

ఆ ఇంటికి వీధి తలుపు కంటే ముందు దొంగదారి గీశాడు ఆర్కిటెక్టు.

స్థలం అలాంటిది మరి. పైన రోడ్డు. అక్కడి నుంచి కిందికి జారిపోయే వాలు. వాలు నిండా చెట్లు. అడుగున, మనిషన్నవాడు తొంగిచూడని వాగు. ఇంకొకడైతే ఇక్కడ ఇల్లెలా నిలబెట్టాలిరా దేవుడా అని తల పట్టుకునేవాడు. ఇతగాడికి మాత్రం చూడగానే ప్రాణం లేచొచ్చింది.

ఇల్లు కట్టించుకునే ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. అందరూ టీచరమ్మ అనే పిలుస్తారు.

"ఒక్క చెట్టు కూడా కొట్టనివ్వనమ్మా," అన్నాడు గుండె మీద చెయ్యేసుకుని. "చెట్లకు దారిచ్చి మన ఇల్లే పక్కకు తప్పుకోవాలి."

ఆవిడ కళ్ళు చెమర్చాయి. చెట్ల మీద అతనికున్న ప్రేమ అబద్ధమేమీ కాదు. చాటు కావలసినవాడికి చెట్టును మించిన చుట్టం ఎవరు?

అతని వృత్తిధర్మం గొప్పది. ఇల్లు పూర్తిచేసి, తాళాలు యజమాని చేతిలో పెట్టి, ఏడాది పాటు ఓపిక పట్టేవాడు. ఆ తర్వాత, తను గీసిన దారిలో తనే వెళ్ళి బీరువా ఖాళీ చేసి వచ్చేవాడు. ఒక ఇంటికి మేడ మీది వెంటిలేటరు. ఇంకో ఇంటికి వంటింటి వెనక సందు. మరో ఇంటికి బయటి నుంచి ఊడొచ్చే కిటికీ. అలా మూడిళ్ళయ్యాయి. మూడిళ్ళకూ పరామర్శకు కూడా వెళ్ళాడు. "రోజులు బాగాలేవండీ" అంటూ, పోగొట్టుకున్నవాళ్ళకంటే ఎక్కువ బాధపడి, వాళ్ళిచ్చిన కాఫీ తాగి వచ్చాడు.

టీచరమ్మ ఇల్లు మూడు అంతరువులుగా వాలులోకి దిగింది. రోడ్డు మట్టానికి హాలు, దానికి గోడంత అద్దాలు. దాని కింద పడకగదులు. అన్నిటికంటే కింద, కొండలోకి తొలిచిన చిన్న గది.

"మా అమ్మ నగలు అందులో పెట్టుకుంటా బాబూ," అంది టీచరమ్మ గొంతు తగ్గించి. "ఆ గది సంగతి మూడో కంటికి తెలియకూడదు."

"నా కడుపులోనే ఉంటుందమ్మా."

ప్లాను కాగితాన్ని ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసింది. "గది కింద ఇంత లావు తూమెందుకు? మూడడుగులా?"

"కొండవాలు కదమ్మా. వాన నీళ్ళు గోడ వెనక చేరితే గోడనే తోసేస్తాయి. ఈ తూములోంచి తిన్నగా వాగులోకి పోతాయి. శుభ్రం చేసుకోవడానికి గదిలో ఒక మూత పెడుతున్నా."

"నా ఇంటి మీద నాకు కూడా ఇంత ధ్యాస లేదు బాబూ!"

అతను వినయంగా తల వంచుకున్నాడు. నవ్వు దాచుకోవడానికి అంతకన్నా మంచి పద్ధతి లేదు.

గృహప్రవేశమైన ఏడాదికి టీచరమ్మ తనే ఫోన్ చేసింది.

"మా చెల్లెలి ఊరెళ్తున్నా బాబూ, వారం దాకా రాను. ఇంటి మీద కాస్త ఓ కన్నేసి ఉంచుతావా?"

"ఒకటేం కర్మమ్మా, రెండూ వేస్తాను."

మర్నాడు మిట్టమధ్యాహ్నం వాగు గట్టున చెప్పులు విడిచి తూములో దూరాడు. అద్దాల మేడలు గీసిన చేతులతో బురదలో పాకాడు. మోచేతులు గీసుకుపోయాయి. బల్లి ఒకటి మెడ మీదుగా తీరిగ్గా నడిచివెళ్ళింది. ఇంకో అరడుగు వెడల్పు గీసుంటే ఏం పోయేదని తనను తనే తిట్టుకున్నాడు. చివరికి మూత తలతో ఎత్తి, గదిలోకి నడుము దాకా లేచాడు.

దీపం వెలిగింది.

ఎదురుగా కుర్చీలో టీచరమ్మ. పక్కన ఇన్‌స్పెక్టరు. వాళ్ళ వెనక గోడకానుకుని ముగ్గురు. తను దోచిన మూడిళ్ళ యజమానులూ వాళ్ళే.

"మీరు... ఊరెళ్ళలేదా అమ్మా?"

"ఎలా వెళ్తాను బాబూ? చుట్టాలందరూ ఇక్కడే ఉంటే!" అంది టీచరమ్మ. "ఈయన మా అల్లుడు. ఆయన మా మరిది. ఆవిడ మా ఆడపడుచు. మూడిళ్ళూ కట్టింది నువ్వేనని మొత్తుకుంటే, సాక్ష్యమేదమ్మా అన్నారు ఈ ఇన్‌స్పెక్టరుగారు."

అతను మెల్లగా మళ్ళీ తూములోకి జారబోయాడు. కింద ఎవరో రెండు కాళ్ళూ గట్టిగా పట్టుకున్నారు.

"కానిస్టేబుల్‌లే, కంగారుపడకు," అంది టీచరమ్మ. "ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నవాళ్ళ గురించి నువ్వు వినే ఉంటావు. ఎలుకను పట్టడానికి నలుగురం కలిసి ఇల్లే కట్టించాం బాబూ, అదీ ఎలుక చేతే!"