ఏనుగులిచ్చిన చోటు

శ్రీశైలం క్యాంపు నిండిపోయింది. గండికోటలో ఎండ మండిపోతోంది. అందుకని హేమావతి, ఆమె భర్త దొరస్వామి మంచం, పొయ్యి ఉన్న తమ ఇంటిబండిని కుప్పం అడవికి మళ్లించారు. అక్కడ బస చేయాలంటే ఏనుగులు ఒప్పుకోవాలి. వాటి మాటను తెలుగులో, మన మాటను వాటి భాషలో చెప్పే పెట్టె ఇప్పుడు ప్రతి బండిలోనూ ఉంటుంది.

వాగు ఒడ్డున బండి ఆగగానే గుంపులోని పెద్ద ఏనుగు దగ్గరికొచ్చింది.

“ఇద్దరం వచ్చినామమ్మా. రేపు పొద్దున్నే ఎల్లిపోతాం,” అన్నాడు దొరస్వామి.

ఏనుగు కిటికీలోంచి తొండం చాచి హేమావతి పొట్టను మెల్లగా వాసన చూసింది. పెట్టె పలికింది.

“ఇద్దరు కాదు, ముగ్గురు.”

దొరస్వామి నవ్వబోయి ఆగిపోయాడు. ఏళ్ల తరబడి ఆస్పత్రుల చుట్టూ తిరిగి, పిల్లల మీద ఆశ వదులుకుని, కాస్త మనసు తేలిక పడుతుందని బయల్దేరినవాళ్లు వాళ్లు.

“ఏమయ్యా, అది చెప్పేది నిజమేనా?” హేమావతి పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

పెద్ద ఏనుగు వెనక్కి తిరిగి సన్నగా ఘీంకరించింది. మద్దిచెట్ల నీడలో పడుకున్న గున్నలతో సహా గుంపంతా లేచి ఎండలోకి నడిచింది.

“బండి ఆ నీడలో పెట్టుకోండి,” అంది పెట్టె.

హేమావతి కిందికి దిగి, వెళ్లిపోతున్న ఆ పెద్ద వీపులకు చేతులెత్తి మొక్కింది.