తలుగు లేకుండా వచ్చిన మనిషి

ఎద్దు వయసు పన్ను చూసి ఎవరైనా చెప్తారు. నేను తోక చూసి చెప్తాను.

మనిషినైతే చూడనక్కర్లేదు. చెప్పుల చప్పుడు వింటే చాలు, మంచివాడో ముంచేవాడో చెప్పేస్తాను. రాజురా నుంచి కోర్పనా దాకా ఈ విద్యలో నాకు సాటి లేడు.

ఆ రోజు కోర్పనా పశువుల అంగడిలో నాకు వినిపించినవి అరిగిన టైరు చెప్పులు.

తొంభై ఆరు, ఎండాకాలం. మా ఊరి పశువులు మేసే గైరాను మీద సున్నపురాయి గని మట్టి గుట్టలై లేచింది. ఊళ్లోకి కిరాయి ట్రాక్టరు వచ్చింది. దుకాణంలో సబ్బుల రకాలు పెరిగాయి, కొట్టాల్లో ఎద్దులు తగ్గాయి.

మా లింగడిది పన్నెండేళ్ల చాకిరీ. బురదలో దిగబడ్డ లారీని ఒంటరిగా లాగినవాడు. సరే, ఖాళీ లారీ. సరే, వెనక నుంచి పదిమంది నెట్టారు.

ఇప్పుడు కుంటుతున్నాడు. గడ్డి నమలలేకపోతున్నాడు. నాకూ ఓపిక అయిపోయింది.

"అమ్మకు. ఉన్నన్ని రోజులుంటడు" అంది నా భార్య సాయమ్మ.

"ఏం పెడ్తవే? మట్టి గుట్ట మేపుతవా?" అని అంగడికి తోలుకొచ్చాను.

టైరు చెప్పులు నా ముందు ఆగాయి.

"పేరేంది పటేలా?"

"నాదా?"

"ఎద్దుది."

"లింగడు. పేరుతోటి నీకేం పని?"

"పిలువాలె గద."

ఆయన పేరు లచ్చయ్య అట. జివతి గుట్టల మీద ఇల్లట. బేరం ఆడలేదు. అదే నాకు మొదటి అనుమానం.

మా దిక్కు ఒక పద్ధతి ఉంది. ఎద్దును అమ్మినవాడు దాన్ని కట్టేసే తాడు, అదే తలుగు, విప్పుకొని ఇంటికి తెచ్చుకుంటాడు. తలుగు కూడా పోతే కొట్టానికి కళ పోతుందని. ఇంట్లోకి కొనేవాడు కొత్త తలుగు తెచ్చుకుని, ఎద్దుకు బొట్టు పెట్టి తోలుకుపోతాడు. తలుగు తీసుకురానివాడు కోతకు కొనే దళారే. వాడికి కట్టేసుకునే పనేముంది?

లచ్చయ్య చేతులు ఖాళీగా ఉన్నాయి.

"తాడేదయ్యా?"

"తేలే పటేలా."

"ఇంట్ల ఎంతమంది?"

"ఇరవై ఆరుగురం."

"అది ఇల్లా, జాతరనా?"

"రోజూ జాతరనే" అని నవ్వాడు.

"ఇరవై ఆరుగురికి ఒక్క ఎద్దు ఎన్ని పూటలొస్తదే?" అన్నాడు పక్కనెవరో. అంతా నవ్వారు. నేనూ నవ్వాను.

లచ్చయ్య పైసలు లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు. సంచిలోంచి బెల్లం ముక్క తీసి లింగడి నోటికి అందించి, ముందు నడిచాడు. ముక్కుతాడు పట్టి లాగితే తప్ప నాతో పది అడుగులు వేయని లింగడు, కుంటుకుంటూ ఆయన వెంట పోయాడు.

తలుగు భుజాన వేసుకొని ఇల్లు చేరాను.

"కొన్నోడు తాడు తెచ్చిండా?" అని ఒక్కటే అడిగింది సాయమ్మ.

నేను తలుగు కొట్టంలో తగిలించి, కాళ్లు కడుక్కోవడానికి పోయాను.

తర్వాత రెండేళ్లు వేళకు అన్నం పెట్టింది, మాట మాత్రం కలపలేదు. పోలా పండుగనాడు ఊరంతా ఎద్దుల కొమ్ములకు రంగులు వేస్తుంటే, ఆమె పోయి ఒకప్పుడు లింగణ్ని కట్టేసిన ఖాళీ గుంజకు బొట్టు పెట్టి వచ్చేది.

మూడో ఏడు, పోలా పోయిన వారానికి, ఒక ఆడమనిషి మా వాకిట్లో నిలబడింది. లచ్చయ్య పెద్ద బిడ్డనని చెప్పుకుంది.

"బాపు పోయిండు కాకా. ఎల్లుండి దినాలు. ఎద్దులిచ్చినోళ్లకందరికి చెప్పి రమ్మన్నది అమ్మ."

"మేమెందుకు బిడ్డా?"

"మిమ్ములను బాపు వియ్యాలోళ్లు అనెటోడు."

సాయమ్మ అప్పుడు నోరు విప్పింది.

"లింగడు బతికున్నడా?"

"ఉన్నడు చిన్నమ్మా."

"తలుగు పట్టుకో" అంది సాయమ్మ నాతో. "తోలుకొద్దాం."

దినాలనాడు ఇద్దరం జివతి గుట్ట ఎక్కాం. లచ్చయ్య వాకిలి నిండా ముసలి ఎద్దులు. ఒక్క గుంజ లేదు, ఒక్క తాడు లేదు. ఆయన భార్య మల్లవ్వ పెద్ద గంజులో జొన్న గటక కాచి, చల్లార్చి, పళ్లూడిన ఎద్దుల నోటికి ముద్దలు అందిస్తోంది.

"కట్టెయ్యవా అక్కా?" అంది సాయమ్మ.

"ఇంటోళ్లను కట్టేస్తమా అనెటోడు చెల్లె. ఇవి తిన్నంకనే కంచం ముందల కూసుండెటోడు. మీ లింగన్ని నాలుగు పొద్దులు నడిపిచ్చుకొచ్చిండు, కాలు నొయ్యద్దని ఆపుకుంట ఆపుకుంట."

"ఇంట్ల ఇరవై ఆరుగురమన్నడు నాతోటి" అన్నాను.

"ఆ యేడు మనుషులం ఆరుగురం. లింగనితోటి ఇవి ఇరవై."

అంటే అంగడిలో నేను ఒప్పుకోకముందే, లింగణ్ని ఇంటివాళ్లలో కలిపి చెప్పాడన్నమాట.

లింగడు ఒక మూల పడుకుని ఉన్నాడు. పేరు పెట్టి పిలిచాను. లేచి వచ్చాడు. నా చెయ్యి నాకాడు. పన్నెండేళ్ల పొత్తు కదా.

చెప్పుల చప్పుడు సంగతి వట్టి కోతలేనని ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. తోక సంగతీ అంతే. అవి గొప్పలు, పోనివ్వండి.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. లింగడు నా చెయ్యి నాకలేదు. నా భుజాన ఉన్న తలుగు చూసి మెల్లగా లేచి, కుంటుకుంటూ పోయి మల్లవ్వ వెనక నిలబడ్డాడు.