ఎర్ర నీహారిక

"ఎరుపు వేస్తేనే ప్రదర్శనలో నీ ఫోటో గుమ్మం ఎదుట పెడతాను. లేదంటే మెట్ల కిందే!" అని తేల్చేశాడు ఖగోళ క్లబ్బు ప్రెసిడెంటు.

"మెట్ల కింద చీకటి సార్," అన్నాడు పళ్ళ డాక్టరు. "గుమ్మం దగ్గరైతే వెలుతురుంటుంది."

"మరైతే ఎరుపు వెయ్యవయ్యా! ఆకాశంలో ఆ నీహారిక మబ్బులో హైడ్రోజన్ వాయువు వెలిగేది ఎర్రగా. నువ్వేమో నీలం, పసుపు పూసుకొచ్చావు."

"మన కెమెరా తీసేది నలుపు తెలుపే కదా సార్. రంగులు వేసుకునేది మనమే."

"మనమే గనక ఇష్టమొచ్చింది వేసేస్తావా? రేపు నేను పన్ను కట్టించుకోడానికొస్తే పచ్చది పెడతావా?"

సభ్యులంతా గొల్లున నవ్వారు. పళ్ళ డాక్టరూ నవ్వాడు గానీ దిగిరాలేదు. "మా ఆవిడ చూడ్డానికొస్తుంది సార్. ఇలాగే ఉండనివ్వండి," అన్నాడు. ఇంకేదో చెప్పబోయి, చుట్టూ నలుగురినీ చూసి ఆగిపోయాడు.

ప్రెసిడెంటుది నోరే చెడ్డది, మనసు వెన్న. ఇంటికెళ్ళినా ఆయనకు అన్నం సయించలేదు. పళ్ళ డాక్టరు చలికాలమంతా పెరట్లో టెలిస్కోపు పక్కన ముక్కు చీదుకుంటూ కూర్చుని పోగేసిన వెలుగది. పెళ్ళానికి నచ్చే రంగులని పంతం పట్టినంత మాత్రాన మెట్ల కింద పడేస్తామా?

పళ్ళ డాక్టరు ఇచ్చిన పెన్‌డ్రైవులో ఫిల్టర్లు మార్చి తీసిన నలుపు తెలుపు బొమ్మలన్నీ ఉన్నాయి. ప్రెసిడెంటు వాటిని ముందేసుకుని తనే రంగు దిద్దాడు. నీహారిక ఒక్కటే కనిపించాలని చుక్కల్ని కూడా తుడిచేశాడు. నల్లటి ఆకాశం, అందులో ముదురెరుపు, అంతే. సొంత ఖర్చుతో నిలువెత్తు ప్రింటు తీయించి, ఎవరికీ చెప్పకుండా గుమ్మం ఎదుట పెట్టించాడు.

ప్రదర్శన రోజు పళ్ళ డాక్టరు భార్య చెయ్యి పట్టుకుని వచ్చాడు. ప్రెసిడెంటు చంకలు గుద్దుకుంటూ ఎదురెళ్ళాడు.

"రండమ్మా, రండి! మీ ఆయన ఫోటోకే పెద్దపీట వేశాం!"

ప్రింటు చూసి పళ్ళ డాక్టరు కొయ్యబారిపోయాడు. సంతోషంతో పాపం మాట పడిపోయిందనుకున్నాడు ప్రెసిడెంటు.

ఆవిడ ముక్కు తగిలేంత దగ్గరగా వెళ్ళి, పైనుంచి కిందిదాకా వెతికింది. తర్వాత ఇటు తిరిగి మొహమాటంగా నవ్వింది.

"జబ్బు చేశాక నా కంటికి ఎరుపు ఆనడం లేదండీ. అందుకే పాపం, ఈయన నాకోసం నీలం, పసుపుల్లో చేశారట. ఏదండీ అది? ఇక్కడ ఉత్త నల్ల అట్టే ఉంది!"