ముల్లు పెట్టే చోటు

ఆదివారం సాయంత్రం ఆ పాట మొదలైందో లేదో, మెట్ల మీద కండక్టరమ్మ ప్రత్యక్షం.

సుధాకరన్‌కి ఒళ్లు మండిపోయింది. నటేశన్ నగర్‌లో ఒక చిన్న హోటలు. దాని మేడ మీద వారానికోసారి డ్యాన్సు. పాటలు వేసేది అతనే. ఊళ్లో అందరూ సీడీలకు మారినా, ఇక్కడికి జనం వచ్చేది అతని దగ్గరున్న ఆ ఒక్క పాత రికార్డు ప్లేటు కోసమే. ఎప్పుడో ఎనభైల్లో లండన్ క్లబ్బులో, జనం చిందులేస్తుండగానే రికార్డు చేసిన జాజ్ ఫంక్. మాటల్లేవు, అంతా వాయిద్యమే. మొదట కాసేపు కేకలు, ఈలలు, గ్లాసుల చప్పుడు. సుధాకరన్ ఆ చెత్తంతా దాటించి ముల్లు సరిగ్గా బేస్ గిటార్ మొదలయ్యే చోట పెట్టేవాడు. కాళ్లు వాటంతటవే లేచేవి.

ఈవిడకేమో ఆ పాటే పడదు. పేరు సౌభాగ్యం. భర్త ఒకప్పుడు ముదలియార్‌పేట బస్సులో కండక్టరు, రెండు విజిళ్లు వేసి బస్సు కదిలించేవాడు. పెళ్లయ్యాక ఇద్దరూ లండన్ వెళ్లారు. ఆయన అక్కడే పోతే ఈమె ఒక్కతే తిరిగొచ్చి హోటలు పక్కింట్లో ఉంటోంది. మిగతా పాటలు ఎంత మోగినా పలకదు. ఇది వేస్తే మాత్రం పైకొచ్చేస్తుంది. ఆపు, ఇట్ల వెయ్యకూడదు అంటుంది. ఆ తర్వాతి మాట వినే ఓపిక సుధాకరన్‌కి ఏనాడూ లేదు. సౌండు తగ్గిస్తే ఆమె కోపం ఇంకా పెరిగేది. పోయిన వారం ఓనరు రఘునాథన్‌తో గొడవ పెట్టుకుంది. ఇంకోసారి ఆమె మెట్లెక్కితే డ్యాన్సూ ఉండదు, నువ్వూ ఉండవని ఓనరు సుధాకరన్‌కి తేల్చి చెప్పాడు.

ఎక్కనే ఎక్కింది. నేరుగా వచ్చి ముల్లు పట్టి లాగేసింది. బర్రుమంది స్పీకరు. ఆడేవాళ్లంతా ఆగిపోయారు.

ప్లేటు మీద గీత పడిందేమోనని సుధాకరన్ ప్రాణం విలవిల్లాడింది. పెద్దావిడని కూడా చూడలేదు. చెయ్యి పట్టి పక్కకు లాగాడు.

"ఏంది పెద్దమ్మా నీ రోదన? నా పని పోయింది. ఈ పాట నీకేం ద్రోహం చేసింది?"

సౌభాగ్యం చెయ్యి విదిలించుకుంది.

"పాట కాదురా, నువ్వు చేస్తుండావు. మొదుట్నించి పెట్టు."

"మొదట్లో ఏముంది? ఉత్త గలాటా."

"గలాటా అని నువ్వు వారంవారం దాటేస్తుండావే, ఆడ, ఆ క్లబ్బులో మా ఆయన తన బస్సు విజిలు రెండుసార్లు ఊదితేనేరా ఆ పాట కదిలింది."