మూడో మలుపు

షెడ్డు ముందు సైకిలు ఆగింది.

"కాస్త గాలి కొట్టుకోవచ్చా అమ్మా?" అన్నాడు పెద్దాయన.

వెల్డరమ్మ ముఖానికి అడ్డు పెట్టుకున్న అద్దం తీసి, పంపు ఉన్న మూల చూపించింది.

ఆయన గాలి కొట్టుకున్నాడు కానీ వెళ్లలేదు. షెడ్డు మధ్యలో ఉన్న కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

రెండేళ్లుగా ఆమె ఒక్కొక్క ఇనప గొట్టమూ కోసి, అతికించి కట్టుకున్న రేసు కారు అది. చక్రాలున్నాయి, స్టీరింగుంది, ఒకే ఒక్క సీటుంది. ఇంజనే లేదు.

గోడ వారగా గోనెపట్టా మీద మాత్రం రెండు ఇంజన్లున్నాయి. ఎనిమిది సిలిండర్లది ఒకటి. చిన్న కారులోంచి తీసిన నాలుగు సిలిండర్లది ఇంకొకటి.

"ఏది పెడుతున్నారమ్మా?"

"పెద్దది."

"చిన్నది పెట్టండి."

ఆమె చేతిలో పని ఆగిపోయింది.

పది రోజుల క్రితం ఇదే మాట ఇంకొకరు అన్నారు. ఆమె పన్నెండేళ్లు పనిచేసిన గ్యారేజీ ఓనరు. ఏటా రేసు గెలిచేది ఆయన కారే. "నీ బండికి చిన్న ఇంజన్ చాల్లే. కూరగాయలు తెచ్చుకోవచ్చు," అని పదిమందిలో నవ్వాడు. ఆ మధ్యాహ్నమే ఆమె అక్కడ పని మానేసింది.

"మా ఓనరు పంపాడా మిమ్మల్ని?"

"ఎవరూ పంపలేదమ్మా. రేసు ట్రాకులో మూడో మలుపు దగ్గర ముక్కు బరువున్న బండ్లు నిలవవు. అన్నీ ఒక్కచోటే గడ్డిలోకి పోతాయి."

"తోలడం రానివాళ్లవి పోతాయి."

"వచ్చినవాళ్లవే ఎక్కువ పోయాయి."

"మీరెన్ని రేసులు గెలిచారు?"

"ఒక్కటీ లేదు."

"గెలిచాక చెప్పండి. వింటాను."

ఆయనకు కోపం రాలేదు. ఆమె కొలతలకు వాడే సుద్దముక్క తీసుకుని, నేల మీద రేసు ట్రాకు గీశాడు. ఎక్కడ గతుకుందో, ఎక్కడ వాన నీళ్లు ఆరవో, మూడో మలుపులో టైర్ల రబ్బరు పేరుకుని ఎక్కడ జారుతుందో గుర్తులు పెట్టాడు.

"ఇక్కడ లోపలి అంచు పట్టుకుని తిప్పండి. చిన్న ఇంజన్ని సీటు వైపు జరిపి పెడితే ముక్కు మీ మాట వింటుంది. బరువుకి పౌరుషంతో పనిలేదమ్మా."

సైకిలెక్కి వెళ్లిపోయాడు.

బోల్టులు తుడుస్తున్న మొగుడు తలెత్తాడు. అతను సిటీ బస్సు డ్రైవరు.

"ఆయన చెప్పింది సబబుగానే ఉంది."

"నీకేం తెలుసు?"

"జనమంతా ముందుకొచ్చి నిలబడితే బస్సు ఎలా తిరుగుతుందో తెలుసు."

"అయినా పెద్దదే."

పెద్దదే పెట్టింది.

ట్రయలు రోజు మూడో మలుపులో స్టీరింగు మొత్తం తిప్పింది. చక్రాలు తిరిగాయి. కారు తిరగలేదు. నేరుగా గడ్డిలోకి దూసుకుపోయి మట్టికట్టకు కొట్టుకుని ఆగింది.

కంచె అవతల ఓనరు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రేసుకి రాకు. ఉన్న పరువూ పోతుంది."

ఆమె హెల్మెట్ తీసి జుట్టులోని మట్టి దులుపుకుంది.

"వస్తాను. చిన్న ఇంజన్‌తోనే వస్తాను. మీ వెనకాల మాత్రం రాను."

రేసుకి పన్నెండు రోజులే ఉన్నాయి. మొగుడు సెలవు పెట్టాడు. ఇద్దరూ కలిసి పెద్ద ఇంజన్ని గొలుసుతో పైకి లాగి దించేశారు. వంగిన గొట్టాలు కోసి కొత్తవి అతికించారు. చిన్నదాన్ని జానెడు వెనక్కి జరిపి బిగించారు.

నేల మీద గీతలు సగం చెరిగిపోయాయి.

"ఈ మలుపు దగ్గర ఏమన్నాడాయన?"

"లోపలి అంచు పట్టుకోమన్నాడు."

"నువ్వు విన్నావా?"

"నువ్వు వినడం లేదుగా. ఇంట్లో ఒకరైనా వినాలి."

రేసు రోజు తిన్నని దారిలో ఓనరు కారు ఆమెను ప్రతి చుట్టులోనూ దాటిపోయింది. మూడో మలుపులో ప్రతిసారీ ఆమె అందుకుంది. చివరి చుట్టులో ఓనరు బ్రేకు తొక్కి బయటి వైపుకి జారాడు. ఆమె లోపలి అంచు పట్టుకుని, గతుకు తప్పించి, అతని పక్కనుంచే ముందుకెళ్లింది. ముగింపు గీత దాటేదాకా మళ్లీ వెనక పడలేదు.

ఓనరు కారు దిగి వచ్చాడు.

"ఏం ఇంజన్ పెట్టావ్?"

"కూరగాయలదే."

కప్పు మొగుడి చేతికిచ్చి ఆమె ట్రాకు ఆఫీసు వైపు నడిచింది.

"ఆ సైకిలు పెద్దాయన పాత ఛాంపియనే అయి ఉంటాడు. కాళ్లు పట్టుకుని క్షమించమని అడగాలి."

"ఒక్క రేసూ గెలవలేదన్నాడుగా?"

"గొప్పవాళ్లు అలాగే అంటారు."

ఆఫీసు గోడ మీద ముప్పై, నలభై మంది విజేతల ఫోటోలున్నాయి. ఒక్కొక్కటీ దగ్గరికెళ్లి చూసింది. ఆయన లేడు.

గేటు దగ్గర మనిషిని అడిగింది. సన్నగా ఉంటాడనీ, సైకిలు మీద వస్తాడనీ, ట్రాకంతా కళ్లు మూసుకుని గీస్తాడనీ చెప్పింది.

"ఆయనా? మొన్న వానలప్పుడే పనిలోంచి తీసేశారమ్మా. పోయిన వారం కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. ఏ ఊరో మేమూ అడగలేదు."

"మరి ఆయన ఏ కారు తోలేవారు?"

గేటు మనిషి ఆమె వైపు వింతగా చూశాడు.

"కారేంటమ్మా, ఆయనకి తోలడమే రాదు. ముప్పయ్యేళ్లపాటు రోజూ పొద్దున్నే ఈ ట్రాకంతా నడుచుకుంటూ చీపురుతో ఊడ్చింది ఆయనే."