తొమ్మిదో చీటీ

గల్ఫ్‌లోని అబూ హలీఫా తెలుగు సంఘంలో గురప్పకు ద్రోహం జరిగింది. ఒక్క ఓటుతో జరిగింది.

గురప్ప కోరింది పెద్దదేమీ కాదు. ఒక గది తలుపు మీద ఒక పేరు.

పని పోయిన ఆడవాళ్ళు ఊరికి వెళ్ళేదాకా ఉండటానికి సంఘం ఒక గది తీసుకుంది. రెండేళ్ళ కిందట అలాంటి గది లేదు. జాబ్రియాలో ఇంటిపని చేసే గురప్ప భార్య తిరుపాలమ్మ అప్పుడే మంచాన పడింది. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఇంట్లో ఉండొద్దన్నాడు. గురప్ప ఉండేది పదిమంది మగవాళ్ళ మధ్య. ఆమెకు చోటు వెతుకుతుండగానే ఆమె పోయింది.

గదికి తిరుపాలమ్మ పేరు పెట్టాలన్నాడు గురప్ప. సంఘంలోనే ఉన్న శివకుమార్ అడ్డం తిరిగాడు. తమ ఊరి నాయకుడి పేరు పెడితే ఫ్రిజ్జూ ఏసీ వస్తాయన్నాడు.

"చచ్చిపోయినామె పేరు పెడితే ఏమొస్తాది పెద్దాయనా?"

ఆ మాట గురప్ప మరిచిపోలేదు.

కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకుని, పేరు సంగతి అతనికే వదిలేద్దామని నలుగురూ తేల్చారు.

ఎన్నిక పద్ధతి చెప్పింది ఛోడక్. సబ్హాన్ రొట్టెల ఫ్యాక్టరీలో గురప్ప పక్కన పిండి కలిపే టిబెటన్. పుట్టింది మైసూరు అవతల బైలకుప్పె శరణార్థుల క్యాంపులో. వాళ్ళమ్మ చలికాలమంతా కడపలో ఫుట్‌పాత్ మీద స్వెట్టర్లు అమ్మేది. అతనికి వచ్చిన తెలుగు ఆ ఫుట్‌పాత్ తెలుగే.

"మా క్యాంపులో అన్నీ ఉండాయి. ఆఫీసు ఉంది, బడి ఉంది, ముసిలోళ్ళకు ఇల్లుంది. దేశం ఒక్కటే ల్యా," అన్నాడు ఛోడక్.

"మాకు దేశం ఉంది. తక్కినవే ల్యా," అన్నాడు గురప్ప.

"లీడరు కావాల్నంటే మా కాడ నేను నిలబడతానని ఎవురూ అనరు. ఎవురికి ఇష్టమైన పేరు వాళ్ళు రాసి వేస్తారు. ఎక్కువ పడినోడు వద్దన్నా చెయ్యాల్సిందే."

సంఘానికి ఇది నచ్చింది. గురప్ప ఒక షరతు కలిపాడు. ఎవరి పేరు వాళ్ళు రాసుకోకూడదు. శివకుమార్‌ను దృష్టిలో పెట్టుకునే కలిపాడు. సమానంగా పడితే వయసులో పెద్దవాడిదే గెలుపన్నాడు. పెద్దవాడు తనే.

నోటీసు కూడా గురప్పే రాసి అంటించాడు. ఊరి బడిలో కుక్కుటేశ్వరరావు అయ్యవారు వేళ్ళ మీద కొట్టి నేర్పిన గుండ్రటి రాత. సంఘంలో అలా రాసేవాడు మరొకడు లేడు.

శుక్రవారం మధ్యాహ్నం ఇరవైనాలుగు మంది వచ్చారు. ఖర్జూరాల డబ్బా పెట్టె అయింది. గురప్ప తన చీటీ నాలుగు మడతలు పెట్టి అందరికంటే ముందు వేశాడు.

శివకుమార్‌కు ఏడు. గురప్పకు ఎనిమిది. మునాఫ్‌కు తొమ్మిది.

అందరూ మునాఫ్ వైపు తిరిగారు. మునాఫ్ లాండ్రీలో ఇస్త్రీ చేస్తాడు. మీటింగుల్లో టీ పోస్తాడు. నోరు తెరిచి మాట్లాడినట్టు ఎవరికీ గుర్తులేదు. అప్పుడు కూడా ఫ్లాస్కు చేతిలోనే ఉంది.

"నాకెందుకన్నా ఇదంతా?"

"వద్దన్నా చెయ్యాల్సిందే," అన్నాడు ఛోడక్, చీటీల డబ్బా అతని చేతికిస్తూ.

మర్నాటి నుంచి గురప్ప ఒక్కొక్కణ్ణీ పట్టుకుని అడిగాడు. మొదట పుల్లయ్య దొరికాడు.

"నువ్వు ఎట్లాగూ గెలిచేవాడివే కదన్నా. పాపం, మునాఫ్‌కు ఒక్కటి కూడా పడకపోతే బాగుండదని వాడి పేరు రాసినా."

జిలానీ బాషా కూడా అదే అన్నాడు. "ఇన్నేండ్లు వాడు పోసిన టీ తాగినా. ఒక చీటీ రాస్తే పోలా అనుకున్నా. ఇంకెవురూ రాయరులే అని."

ఎనిమిది మంది దొరికారు. ఎనిమిది మందీ జాలిపడ్డవాళ్ళే. జాలి పేరుతో గొంతు కోసిన వెధవలన్నాడు గురప్ప. వాళ్ళతో మాటలు మానేశాడు.

తొమ్మిదోవాడు బయటపడలేదు. అందరినీ అడగడం అయిపోయింది. మిగిలినవాళ్ళంతా ఒట్లు వేశారు. పన్నెండేళ్ళుగా ఒకే గదిలో ఉంటున్న హుస్సేన్ వలి అల్లా మీద ఒట్టు వేశాడు.

"నీ పేరే రాసినా గురప్పన్నా. నన్ను గూడా నమ్మవా?"

"తొమ్మిదోడు ఎవుడో నాకు తెలుసులే," అన్నాడు గురప్ప.

ఆ సాయంత్రమే మంచం పక్క గదికి మార్చుకున్నాడు. హుస్సేన్ వలి ఆపలేదు. మంచం రెండో కొస పట్టుకుని సాయం చేశాడు. గురప్ప వద్దనలేదు, అతని వైపు చూడనూ లేదు.

నెల గడిచింది. తొమ్మిదోవాణ్ణి తిట్టకుండా గురప్పకు ఒక్క పూట గడవలేదు. మునాఫ్‌ను కూడా కలిపి తిట్టాడు. టీ పోసేవాడు పేర్లు పెడతాడా అన్నాడు.

ఒక శుక్రవారం మునాఫ్ వచ్చాడు. చంకలో రేకు ముక్క, చేతిలో నల్లరంగు డబ్బా, కుంచె.

"రాయన్నా."

"ఏమని?"

"తిరుపాలమ్మ గది అని. ఇంకేమని రాస్తావు?"

గురప్ప కుంచె అందుకున్నాడు. రేకును ఒళ్ళో పెట్టుకుని దుమ్ము తుడిచాడు.

గుమ్మంలో నిలబడ్డ హుస్సేన్ వలి ఉండబట్టలేకపోయాడు. "నెల దినాల నుంచీ ఈయన నిన్ను తిడతాండాడు మునాఫ్. ఈయన మాట ఎందుకు నిలబెడతావు?"

"నోరు ఏమన్నా అననీలే భాయ్, నా పేరు పడిన తొమ్మిది చీటీల్లో ఒకదాని మీద ఈ గుండ్రటి రాతే ఉంది," అని మునాఫ్ నవ్వాక, గురప్ప కుంచె రంగులో ముంచాడే తప్ప, ఆ ఎన్నిక మాట ఆ రోజు గానీ ఆ తర్వాత గానీ ఎవరి ముందూ ఎత్తలేదు.